పెట్ స్కాన్‌కు వెళ్తున్నారా? ముందు షుగర్ సంగతి తేల్చుకోండి

మాది చిత్తూరు. నాన్నకు మెడ పక్కన గడ్డ లేస్తే ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సరే, కానీ వేరే చోట పుట్టి అక్కడికి పాకింది. పుట్టిన చోటు ఎండోస్కోపీలోనూ దొరకలేదు, సీటీలోనూ దొరకలేదు. డాక్టరు పెట్ సీటీ (ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో వెతికే స్కాన్) రాశారు. తిరుపతిలోని ఒక ప్రైవేటు కేంద్రంలో రూ.18,000 కట్టి చేయించాం.

ఫోనులో వాళ్లు చెప్పింది ఒక్కటే: "పరగడుపున రండి." షుగర్ ఉందా అని ఎవరూ అడగలేదు. తినకూడదన్నారు కదా అని నాన్న ఉదయం వేసుకునే ఇన్సులిన్ కూడా మానేశారు. అక్కడ వేలు గుచ్చి చూస్తే 268. ఆ రోజుకు వెనక్కి పంపాల్సింది. "పర్వాలేదు సార్, తగ్గిస్తాం" అంటూ ఇన్సులిన్ వేసి, అరగంటకే స్కాన్ మందు ఎక్కించారు. ఆ మందులో సగం శక్తి 110 నిమిషాల్లోనే పోతుంది, రేపటికి దాచలేరు. అది వృథా అవుతుందనే అలా చేశారేమో.

రిపోర్టులో "పుట్టిన చోటు కనబడలేదు" అని ఉంది. అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టింది. నెల తర్వాత వేలూరులో ఒక డాక్టరు ఆ సీడీ తెరిచి, బొమ్మను మావైపు తిప్పారు. ఆ బొమ్మలో మందు చేరిన చోటు నల్లగా కనబడుతుంది; తొడలు, భుజాలు, ఛాతీ కండరాలన్నీ నల్లగా నిండిపోయి ఉన్నాయి. "ఇందులో ఏమీ లేదని కాదమ్మా, చూడటానికే వీల్లేదు" అన్నారు.

స్కాన్ మందు ఎఫ్‌డీజీ చక్కెర లాంటిది. క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టే బయటపడతాయి. ఇన్సులిన్ వేసిన కాసేపటికే ఇస్తే దాన్ని కండరాలు లాగేసుకుంటాయి. మళ్లీ చేయిస్తే నాలుక మొదట్లో చిన్న మచ్చ తేలింది. ఆ నెల రోజులను తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

దయచేసి డబ్బు కట్టకముందే షుగర్ ఉందని మీరే చెప్పండి. ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలా అని అడగండి. మెట్‌ఫార్మిన్ వల్ల పేగులు కూడా స్కాన్ మందును లాక్కుని బొమ్మలో కనబడతాయి. షుగర్ 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు, మీరూ పట్టుబట్టండి. సీడీ తప్పకుండా తీసుకోండి. రిపోర్టులో ఆ రోజు షుగర్ ఎంతో రాశారో లేదో చూసుకోండి. మా రిపోర్టులో ఆ చోటు ఖాళీగా ఉంది.