మాడు వాసన వచ్చే వేప్‌కి కాయిల్ మార్చాలా, గమ్ కొనాలా, ప్యాచ్ వేసుకోవాలా?

సిగరెట్ మానాలనుకున్న కుర్రాడికి ఇవాళ విజయవాడలో మూడు దారులు కనిపిస్తున్నాయి. ఎవరో స్నేహితుడి ద్వారా చేతికొచ్చిన వేప్, అంటే లిక్విడ్‌ని వేడిచేసి ఆ ఆవిరిని పీల్చే ఈ-సిగరెట్, ఒకటి. మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్ ఇంకొకటి. ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ మూడోది. సూర్యారావుపేటలో మందుల షాపు నడుపుతున్నాను కాబట్టి ఈ మూడు దారుల్లో వెళ్లేవాళ్లనూ దగ్గరగా చూస్తుంటాను. వేప్ వాడేవాళ్లు నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా దూది కోసం. "అన్నా, ఈ సర్జికల్ దూది కాయిల్‌లో పెట్టుకోవచ్చా? రెండు రోజులకే మాడు వాసన కొడుతోంది" అంటారు. అవుననో కాదనో చెప్పి పంపేయడానికి మనసొప్పదు. ఆ మాడు దేనివల్ల వస్తుందో తెలిస్తే, ఏది మేలో వాళ్లకే తెలిసిపోతుంది.

ఒకబ్బాయి తన వేప్‌లో లిక్విడ్ ఉండే చిన్న డబ్బీని, అంటే పాడ్‌ని, ఊడదీసి కౌంటర్ మీద పెట్టాడు. లోపల గోరంత లోహపు గొట్టం, దాని పక్కన సన్నటి రంధ్రాలు. వేడెక్కే తీగ, దూది ఉండే ఆ గొట్టాన్నే కాయిల్ అంటారు. ఆ రంధ్రాల్లోంచి కనిపించే దూది మామూలుగా తెల్లగానో లేత పసుపుగానో ఉండాలి. ఇతని దాంట్లో తీగ ఆనిన చోట నల్లగా మాడిపోయింది, అంచుల దగ్గర గోధుమరంగు జిగట పేరుకుపోయింది. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే వాసన తెలుస్తోంది. మామిడిపండు రుచి అని రాసున్న లిక్విడ్ అది.

వేప్‌లో ఏదీ కాలకూడదు. లిక్విడ్‌లో ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, నికోటిన్, కాస్త రుచి. దూది దాన్ని పీల్చుకుని తీగ దాకా తెస్తుంది, తీగ వేడెక్కి ఆవిరి చేస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. దూది తడిగా ఉన్నంతసేపూ తీగ వేడి ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. తడి ఆరిన క్షణం నుంచి ఆ వేడంతా దూది మీద పడుతుంది, అది మాడుతుంది. అడుగంటిన పాలల్లో ఎన్ని యాలకులు వేసినా వాసన పోనట్టే, ఒకసారి మాడిన దూదికి కొత్త లిక్విడ్ పోసినా ప్రయోజనం ఉండదు. వేడినీళ్లలో కడిగితే పైన పేరుకున్న జిగట కొంత వదులుతుందేమో గానీ బొగ్గయిన పోగు తిరిగి దూది కాదు. ఆ కాయిల్ తీసిపారేయాల్సిందే.

దూది ఆరిపోవడానికి కారణాలు చాలావరకు వాడే తీరులోనే ఉంటాయి. కొత్త కాయిల్ పెట్టగానే ఆత్రంగా పీల్చేస్తారు. దూది మీద నాలుగు చుక్కలు వేసి, ట్యాంకు నింపి, ఐదు పది నిమిషాలు ఆగితే గాని లిక్విడ్ లోపలి దాకా ఇంకదు. కాయిల్ మీద ఇన్ని వాట్ల నుంచి ఇన్ని వాట్ల వరకు అని రాసుంటుంది, దాని పైకి పెంచుతారు. కింది అంకె దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి. ఒక దమ్ము వెంట ఒక దమ్ము లాగేస్తారు, తడి మళ్లీ చేరడానికి పావు నిమిషమో అర నిమిషమో కావాలి. ట్యాంకులో లిక్విడ్ రంధ్రాల కిందికి దిగిపోయినా గమనించరు. గ్లిజరిన్ ఎక్కువగా ఉన్న చిక్కటి లిక్విడ్‌ని చిన్న పాడ్‌లో పోస్తారు, అది సన్నటి రంధ్రాల్లోంచి సమయానికి దూదికి అందదు. వీటన్నిటికంటే తొందరగా కాయిల్‌ని చంపేది తీపి. సుక్రలోజ్ వేసిన లిక్విడ్ ఆవిరయ్యాక ఆ తీపి తీగ మీదే మిగిలిపోయి గట్టిపడి మాడుతుంది. పళ్ల రుచులు, స్వీట్ల రుచులు వాడేవాళ్లకి కాయిళ్లు అంత త్వరగా పోవడానికి అదే కారణం.

మెష్ కాయిల్ మంచిదా, మామూలు తీగ మంచిదా, సిరామిక్ మంచిదా అనీ అడుగుతారు. మెష్ జల్లెడలా ఉండి వేడిని సమంగా పంచుతుంది, ఒకేచోట మాడటం తగ్గుతుంది, కాకపోతే లిక్విడ్ గబగబా తాగేస్తుంది. సిరామిక్‌లో తీగకి ఆనే దూది ఉండదు కాబట్టి ఆ మాడు వాసన అంతగా రాదు, కానీ ఆరిపోతే దానికీ ఘాటు తప్పదు. ఈ తేడాలు నిజమే, చిన్నవే. సర్జికల్ దూది సంగతికొస్తే, అది గాయం తుడవడానికి చేసింది, వేడెక్కిన తీగకి చుట్టి దాని ఆవిరి పీల్చడానికి కాదు. పైగా మూసేసిన పాడ్‌ని విప్పి దూది దూరిస్తే ఒకచోట బిగుసుకుంటుంది, ఒకచోట వదులవుతుంది. బిగుసుకున్న చోట మళ్లీ మాడుతుంది.

మాడు రుచి నాలుకకి చేదు అనిపించడంతో ఆగదు. దూది ఆరి, ఆ లిక్విడ్ మితిమీరి వేడెక్కినప్పుడు అది విరిగి ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎక్రోలీన్ పుడతాయి. మామూలు వేడిలో కొద్దిగా ఉండే ఇవి పొడి దమ్ములో ఒక్కసారిగా ఎగబాకుతాయని 2015లో వచ్చిన పరిశోధనల్లో తేలింది. అలవాటున్నవాళ్లు ఆ రుచి తగలగానే ఆపేస్తారని కూడా అదే చోట తేలింది. అందుకే నేను గట్టిగా చెప్తాను: మాడు రుచి వస్తే నోట్లో చాక్లెట్ వేసుకుని ఇంకో దమ్ము లాగకండి. ఆ రుచి ఊపిరితిత్తుల తరఫున వచ్చిన హెచ్చరిక.

ఇంతవరకు విన్న కుర్రాళ్లు "అయితే జాగ్రత్తగా వాడితే చాలన్నమాట" అంటారు. అక్కడే నాకు అభ్యంతరం. ఆ జాగ్రత్తలన్నీ పనిచేయాలంటే కాయిల్ అసలుదై ఉండాలి, దాని మీద రాసిన వాట్లు నిజమై ఉండాలి, సీసాలో ఏముందో సీసా మీద ఉండాలి. మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో, డిసెంబరులో చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటనలు అన్నీ నిషేధించారు. ఆ పనులు చేస్తూ మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెట్టినా ఆరు నెలల వరకు జైలు ఉంది. కాబట్టి చేతులు మారి మన ఊరికి వచ్చే ప్రతి పాడ్ చాటుమాటు సరుకే. నకిలీదని తేలినా ఎవర్నీ అడగలేరు, వెనక్కి ఇవ్వలేరు. దానిలో నికోటిన్ ఎంతుందో అమ్మినవాడికీ తెలియదు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని వేలమంది ఆసుపత్రుల్లో చేరారు, 60 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది వాడింది గంజాయి నుంచి తీసిన టీహెచ్‌సీ కలిపిన చాటు సరుకు, దానిలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్‌ని ప్రధాన కారణంగా గుర్తించారు. సీసాలో ఏముందో తెలియకపోతే ఏం జరుగుతుందో చూపించిన సంఘటన అది.

నిజం దాచకూడదు కాబట్టి వేప్ పక్షాన ఉన్న మాట కూడా చెప్పాలి. 2019లో బ్రిటన్‌లో 886 మంది మీద జరిగిన ఒక ప్రయోగంలో వేప్ ఇచ్చినవాళ్లలో 18 శాతం మంది ఏడాది తర్వాత కూడా సిగరెట్ ముట్టలేదు. గమ్, ప్యాచ్ లాంటివి ఇచ్చినవాళ్లలో అది 9.9 శాతమే. రెండు వర్గాలకీ వారం వారం మనిషి ఎదురుగా కూర్చుని సలహా ఇచ్చాడు. అయితే సిగరెట్ మానేసిన ఆ వేప్ వర్గంలో 80 శాతం మంది ఏడాది తర్వాతా వేప్ లాగుతూనే ఉన్నారు, రెండో వర్గంలో గమ్మో ప్యాచో ఇంకా వాడుతున్నది 9 శాతమే. పైగా అక్కడ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నికోటిన్ దాటకూడదని, ట్యాంకు 2 మిల్లీలీటర్లే ఉండాలని చట్టం ఉంది. ఆ ఫలితాన్ని తెచ్చి, బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరి జేబులోంచో తీసిచ్చిన పాడ్‌కి అతికించలేం.

ఇక గమ్. దీన్ని చాలామంది తప్పుగా నమిలి, పనిచేయలేదని పారేస్తారు. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తాం, 4 మిల్లీగ్రాములకి డాక్టరు చీటీ కావాలి. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి సాధారణంగా 4 సరిపోతుంది, ఆ తర్వాత తాగేవాళ్లకి 2. దీన్ని బబుల్ గమ్‌లా నమిలితే నికోటిన్ ఉమ్ముతో పాటు కడుపులోకి పోతుంది. అక్కడ పెద్దగా పనిచేయదు సరికదా ఎక్కిళ్లు, గుండెమంట, వికారం. నాలుగైదుసార్లు మెల్లగా నమిలి, మిరియం కొరికినట్టు ఘాటు తగలగానే ఆపి చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ రెండుసార్లు నమిలి ఇంకో పక్క పెట్టుకోవాలి. అలా ఒక గమ్ అరగంట వస్తుంది. బుగ్గ లోపలి పొర నుంచి నికోటిన్ ఎక్కాలి, నోరు పుల్లగా ఉంటే ఎక్కదు. కాఫీ, నిమ్మసోడా, కూల్‌డ్రింక్ తాగుతూ గమ్ వేసుకుంటే డబ్బు దండగ. ముందు ఒక పావుగంట ఏమీ తాగకండి. మన భోజనాల్లో గోంగూర, పచ్చిపులుసు, మామిడికాయ పప్పు మామూలే కదా, తిన్నాక నోరు పుక్కిలించి కాసేపాగి వేసుకోండి. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకి 24 దాటకూడదు. తర్వాత తగ్గించుకుంటూ మూడు నెలలకి ఆపాలి.

గమ్‌కి ఒక లోటుంది. సిగరెట్ పొగలోని నికోటిన్ పది పన్నెండు సెకన్లలో మెదడుకి చేరుతుంది, గమ్‌కి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. టీ బడ్డీ దగ్గర పక్కవాడు వెలిగించినప్పుడు పుట్టే ఆ తపన ముందు గమ్ నెమ్మదిగా కనిపిస్తుంది. పళ్లు కట్టించుకున్నవాళ్లకి, దవడ నొప్పి ఉన్నవాళ్లకి నమలడమే కష్టం.

ప్యాచ్ నమలనక్కరలేదు, గుర్తు పెట్టుకోనక్కరలేదు. రోజుకి పది సిగరెట్లు దాటి తాగేవాళ్లకి మామూలుగా 21 మిల్లీగ్రాములది ఆరు వారాలు, తర్వాత 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. రోజంతా నికోటిన్ సమంగా అందుతుంది కాబట్టి చిరాకు, తలనొప్పి, చేతులు ఆడటం తగ్గుతాయి. దీనికి మన ఊరిలో అసలు శత్రువు చెమట. మే నెల ఎండలో బందరు రోడ్డు మీద బండి నడిపేవాడికి మధ్యాహ్నానికల్లా అంచులు లేచిపోతాయి. స్నానం చేశాక ఫ్యాను కింద ఒళ్లు పూర్తిగా ఆరనిచ్చి, నూనె, పౌడరు రాయని చోట, వెంట్రుకలు లేని భుజం మీదో వీపు పైభాగాన్నో అంటించి అరచేత్తో పది సెకన్లు అదిమి పట్టాలి. రోజూ చోటు మార్చాలి, లేకపోతే చర్మం కందుతుంది. ప్యాచ్ మీద నేరుగా వేడి తగిలితే నికోటిన్ ఎక్కువగా ఎక్కే అవకాశముంది, కాబట్టి ఎండ తగలని చోటు చూసుకోండి. రాత్రి పిచ్చి కలలు వచ్చి నిద్ర చెడితే పడుకునే ముందు తీసేయండి. ఎమ్మారై తీయించుకోవాల్సి వస్తే ముందే తీసేయాలి, కొన్నిటి వెనకపొరలో లోహం ఉంటుంది.

మరి గమ్మా, ప్యాచ్‌చా? బాగా అలవాటైపోయినవాళ్లకి నా సమాధానం రెండూ. ప్యాచ్ రోజంతటి అడుగు తపనని మోస్తుంది, టీ బడ్డీ దగ్గర ఉబికే తపనకి గమ్ తోడు. ఒక్కటే వాడటం కంటే రెండూ కలిపి వాడితే మానేవాళ్లు ఎక్కువని అనేక ప్రయోగాలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలు చెప్తున్నాయి. రోజుకి నాలుగైదు తాగేవాళ్లకి గమ్ ఒక్కటి చాలు. వేప్ నుంచి దిగాలనుకునేవాళ్లకి మాత్రం ఎంత మోతాదు అన్నది నేను కౌంటర్ మీద చెప్పను, చాటు పాడ్‌లో నికోటిన్ ఎంత పోయిందో లెక్క లేదు కాబట్టి డాక్టరు చూసి చెప్పాలి. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు కూడా సొంతంగా మొదలుపెట్టకూడదు. గమ్, ప్యాచ్ సరిపడకపోతే డాక్టరు రాసే వరెనిక్లిన్, బ్యుప్రోపియాన్ మాత్రలూ ఉన్నాయి.

గుంటూరు వైపు నుంచి వచ్చే కొందరు "మా ఊళ్లోనే పొగాకు బోర్డు ఉంది, మాకు చిన్నప్పటి నుంచీ పొగాకు మధ్యే బతుకు, ఎలా మానతాం" అంటారు. 1976 నుంచి ఆ బోర్డు గుంటూరులోనే ఉన్న మాట నిజం. పండించే ఊరివాళ్లు మానకూడదని ఎక్కడా లేదు. తోడు లేకుండా మానలేనంటే, పొగాకు మానేవాళ్లకి సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-112-356కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడి, తర్వాత వాళ్లే మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తారు. మొహమాటపడి ఆ నంబరు చీటీ మీద రాయించుకుని వెళ్లినవాళ్లలో కొందరు తర్వాత ప్యాచ్‌ల కోసం వచ్చారు.

వేప్ వదిలేస్తే దాన్ని చెత్తబుట్టలో పడేయకండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, చెత్తబండిలో నలిగితే అంటుకోవచ్చు. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఇవ్వండి. మిగిలిన లిక్విడ్‌ని ఇంట్లో చిన్నపిల్లల చేతికి అందనివ్వకండి, కొద్దిగా మింగినా ప్రమాదమే. వాడి తీసిన ప్యాచ్‌లో కూడా నికోటిన్ ఇంకా మిగిలే ఉంటుంది. జిగురు లోపలికి వచ్చేలా మడిచి, కాగితంలో చుట్టి పారేయండి.