గుట్టను చదును చేయడమా, వాలును నిలుపుకోవడమా: లేఅవుట్‌కు ఏది మేలు?

హైదరాబాద్ శివార్లలో గుట్టలున్న భూమికి లేఅవుట్ ప్రతిపాదన వచ్చినప్పుడు, ఎన్ని ప్లాట్లు వస్తాయన్న లెక్కకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. నేలనంతా యంత్రాలతో ఒకే మట్టానికి తెచ్చి ప్లాట్లు గీయడమా, లేక ఉన్న వాలును, బండలను, వాన నీటి దారిని అలాగే ఉంచి వాటి మధ్య ఇమిడేలా రోడ్లను, ప్లాట్లను అమర్చడమా? మన దగ్గర మొదటి పద్ధతే ఎక్కువగా కనిపిస్తుంది. దానికి కారణాలు లేకపోలేదు గానీ, ఆ కారణాలు ఎంతవరకు నిలుస్తాయో చూడాలి.

ముందుగా మట్టిపని. ఒక్కో వైపు 200 మీటర్లున్న స్థలం, అంటే దాదాపు 10 ఎకరాలు, 100 మీటర్లకు 3 మీటర్ల వాలుతో ఉందనుకుందాం. ఎగువ అంచుకు, దిగువ అంచుకు మధ్య 6 మీటర్ల తేడా వస్తుంది. పూర్తిగా చదును చేయాలంటే పై సగంలో తవ్విన సుమారు 30 వేల ఘనపు మీటర్ల మట్టిని, రాతిని కింది సగంలో పోయాలి. ఇంత ఖర్చు పెట్టినందుకు ప్లాట్లు కొలిచినట్టు దీర్ఘచతురస్రాలుగా వస్తాయి, రోడ్లు సూటిగా ఉంటాయి, వాస్తు చూసుకునేవారికి తూర్పు ముఖం ప్లాట్లు ఎక్కువగా దొరుకుతాయి. అమ్మకం సులువవుతుందన్న మాట నిజమే. అయితే పోసిన మట్టిని 20 నుంచి 30 సెంటీమీటర్ల పొరలుగా పరచి, తగిన తేమతో రోలర్ తిప్పి, పొరపొరకూ గట్టిదనాన్ని పరీక్షించకపోతే ఆ నష్టం కొన్నవారి నెత్తిన పడుతుంది. కోత (తవ్విన నేల), మెరక (మట్టి పోసిన నేల) కలిసే గీత మీద పడిన ప్లాటును చూడండి: పునాదిలో ఒక సగం రాతి మీద, మరో సగం పోసిన మట్టి మీద నిలుస్తుంది. వానాకాలాలు గడిచేకొద్దీ మట్టి వైపు కుంగి, కిటికీల మూలల నుంచి గోడల్లో ఏటవాలు పగుళ్లు మొదలవుతాయి. కొనుగోలుదారుకు చూపించే రంగుల బ్రోచర్‌లో ఆ గీత ఎక్కడా ఉండదు. వాలును నిలిపే పద్ధతిలో కోత, మెరక రోడ్ల వరకు, ఇళ్ల గద్దెల వరకు పరిమితమవుతాయి కాబట్టి ఈ ముప్పు చాలా తగ్గుతుంది.

నీటి విషయంలో తేడా ఇంకా పెద్దది. అదే 10 ఎకరాల మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే పడే నీరు దాదాపు 20 లక్షల లీటర్లు. పొదలూ గడ్డీ ఉన్న వాలు నేల నుంచి అందులో మూడో వంతు లోపే బయటికి పారుతుందనుకున్నా, రోడ్లు, కప్పులు, సిమెంటు ముంగిళ్లతో నిండిన తరువాత ఐదింట నాలుగు వంతులు పారుతుంది. అంటే సుమారు 6 లక్షల లీటర్ల నుంచి 16 లక్షల లీటర్లకు పెరుగుతుంది. పైగా చదునైన నేల మీద బాక్స్ డ్రెయిన్లు (పెట్టె ఆకారపు సిమెంటు కాలువలు) ఆ నీటిని నెమ్మదించనివ్వకుండా ఒక్కసారిగా దిగువ ఊరి కల్వర్టు మీదికి తోస్తాయి. ఇంకుడు గుంతలు తవ్వుతామని డెవలపర్లు రాసిస్తారు, కానీ ఈ ప్రాంతంలో పలుచని మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ల రాయి, ఆ తరువాత గట్టి రాయి ఉంటాయి. మూడు మీటర్లు కోసేసిన చోట చాలాసార్లు నీటిని పీల్చే పొరలే పోతాయి. గట్టి రాతిలో తవ్విన ఇంకుడు గుంత తొట్టిలా నిండి ఊరుకుంటుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించినది నీటిని ఎగువనే ఆపమని. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. గొలుసుకట్టు చెరువులు, కుంటలు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచి అదే పని చిన్న పరిమాణంలో చేస్తున్నాయి. వాలును నిలిపే లేఅవుట్ కుంటను, దాని అలుగును, పై నుంచి వచ్చే వాగును ఖాళీ స్థలంగా వదిలి ఆ పనిని కొనసాగిస్తుంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్‌గా వదలమన్నాయి; 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు మాత్రం 2 మీటర్లే చాలన్నాయి. రెవెన్యూ నక్షాలో గీత లేని సన్నని వాన వాగుకు ఆ రక్షణ కూడా సందేహమే. అందుకే ఆమోదించే అధికారి నక్షాతో సరిపెట్టుకోకుండా నేల ఎత్తుపల్లాలను గీతలతో చూపే కాంటూరు పటం చేత పట్టుకుని, మంచి వాన పడిన మర్నాడు నేల మీద నడవడం తప్పనిసరి అని నేను నమ్ముతాను.

జీవజాలం గురించిన నివేదికలే సాధారణంగా అన్నిటికంటే పలుచగా ఉంటాయి. రాళ్ల గుట్ట మీద పెద్ద చెట్లు లేవు కాబట్టి అది బంజరు అని రాయడం పరిపాటి. సీతాఫలం, మోదుగ, రేల పొదల్లో నెమళ్లు తిరుగుతాయి, బండల సందుల్లో ఉడుములు ఉంటాయి. ఈ రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులోనివే. కొమ్ముల గుడ్లగూబ శీతకాలం నుంచి వేసవి దాకా రాతి అరల్లో గుడ్లు పెడుతుంది. బండల గుంటల్లో నీరు నిలిచినప్పుడే కప్పలు కనిపిస్తాయి. కాబట్టి ఒకే నెలలో చేసిన సర్వే ఏదో ఒకదాన్ని తప్పిస్తుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర యంత్రాలు దిగి కొద్ది రోజుల్లోనే చెట్లను తొలగించాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది, అదే నెల 16న పునరుద్ధరణకు ప్రణాళిక చెప్పమన్నది. మొక్కలు మళ్లీ నాటవచ్చు గానీ, పగలగొట్టిన బండను మళ్లీ పెట్టే మార్గం లేదు.

రెండో పద్ధతికీ ఇబ్బందులున్నాయి. వంకర ప్లాట్లకు ధర తక్కువ పలుకుతుంది, వాలు ఎక్కువైతే వృద్ధులకు, చక్రాల కుర్చీ వాడేవారికి నడక కష్టం, అగ్నిమాపక వాహనం మలుపు తిరగడానికి రోడ్డు వెడల్పు పెంచాలి. గోదాములకు, పెద్ద కర్మాగారాల షెడ్లకు చదునైన నేల తప్పదు; అటువంటివాటిని ఇప్పటికే దున్నిన మెత్తని పొలాల వైపు మళ్లించి, అక్కడ మొదటి పద్ధతినే అనుసరించడం సబబు. ఇళ్ల లేఅవుట్‌కు మాత్రం, అందులోనూ బండలు, వాగు ఉన్న చోట, వాలును నిలుపుకోవడమే మేలని నా నిర్ణయం. నిబంధనల ప్రకారం ఎలాగూ వదలవలసిన ఖాళీ స్థలాన్ని అమ్ముడుపోని మూలకు నెట్టకుండా వాగు వెంట, గుట్ట చుట్టూ పెడితే డెవలపర్ పోగొట్టుకునే ప్లాట్లు అనుకున్నంత ఉండవు. ఆ కుంట కట్టను, అలుగును, వాగును కొలతలతో సహా గిఫ్ట్ డీడ్‌లో రాయించి, మొదటి ప్లాటు రిజిస్ట్రేషన్‌కు ముందే స్థానిక సంస్థకు అప్పగించాలి. పూడిక తీసే బాధ్యత ఎవరిదో కూడా అదే పత్రంలో ఉండాలి.