మోటబిలిటీ కారు మీద గీతలు: రెండు లీజుల తర్వాత ఏది పనికొచ్చింది, ఏది దండగ

బ్రిటన్‌లో మోటబిలిటీ కారు, అంటే వికలాంగులకి లీజుకిచ్చే కారు, తీసుకున్న మనవాళ్ళు, తీసుకోబోతున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది గీతల గురించే. కారు మనది కాదు కదా, తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి గీతకీ డబ్బు కట్టమంటారేమో అని టెన్షన్. నాది రెండో లీజు, అదీ ఆఖరికొచ్చింది. చిన్నప్పటి పోలియో వల్ల రెండు కాళ్ళూ పనిచేయవు, చేతి కంట్రోల్స్ పెట్టించుకుని నేనే నడుపుతాను, వీల్‌చైర్ కూడా నేనే ఎత్తి లోపల పెట్టుకుంటాను. అందుకని గీతలు ఎక్కడెక్కడ పడతాయో, ఎందుకు పడతాయో నాకు బాగా తెలుసు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1977లో మొదలైన స్కీం ఇది. వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే పిఐపి భత్యంలో మొబిలిటీ భాగం, అంటే తిరగడానికిచ్చేది, ఎన్‌హాన్స్‌డ్ (ఎక్కువ) రేటులో వచ్చేవాళ్ళు ఆ డబ్బుని లీజుకి మళ్ళించుకోవచ్చు. మామూలు కారుకి లీజు 3 ఏళ్ళు, వీల్‌చైర్‌తో సహా ఎక్కే వాహనానికి 5 ఏళ్ళు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు, బ్రేక్‌డౌన్ అన్నీ అందులోనే.

ఇక గీతల లెక్క. వాడకంలో మామూలుగా వచ్చే అరుగుదలని ఎవరూ తప్పు పట్టరు. ఎంతవరకు మామూలు అన్నదానికి ఇక్కడి లీజు కంపెనీల సంఘం బివిఆర్‌ఎల్‌ఎ కొలతలే పెట్టింది: రంగు కింద ఉండే ప్రైమరో లోహమో కనబడనంతవరకు 25 మిల్లీమీటర్ల గీత ఫర్వాలేదు, పెయింట్ పగలకుండా 15 మిల్లీమీటర్ల సొట్టలు ఒక్కో ప్యానెల్ మీద రెండు దాకా ఫర్వాలేదు, అల్లాయ్ వీల్ చుట్టూ మొత్తం కలిపి 50 మిల్లీమీటర్ల గీరుడు ఫర్వాలేదు. మోటబిలిటీకి సొంత గైడ్ ఉంది, అంతిమంగా చూసుకోవాల్సింది అదే, కానీ చేతిలో స్కేలు పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగితే మన భయంలో సగం అక్కడే పోతుంది. నా మొదటి కారు సన్న గీతలతోనే తిరిగి ఇచ్చాను, ఒక్క పౌండ్ అడగలేదు, పైగా కారు బాగా ఉంచినందుకు ఇచ్చే బోనస్ కూడా వచ్చింది.

ఒంటరిగా వీల్‌చైర్ ఎక్కించుకునేవాళ్ళ కార్ల మీద గీతలు మిగతా కార్ల మీద పడే చోట పడవు. నేను ముందు సీట్లోకి జరుగుతాను, తర్వాత చైర్ చక్రాలు రెండూ ఊడదీసి వెనక సీట్లోకి తోస్తాను, ఆ తర్వాత ఫ్రేమ్‌ని నా ఒంటి మీదుగా ఎత్తి పక్క సీట్లో పడేస్తాను. ఈ క్రమంలో ఫ్రేమ్ పాదాల కమ్మీ డోర్ లోపలి ప్లాస్టిక్‌కి తగులుతుంది, ముందు చిన్న చక్రం డోర్ కింద గడప మీద, అంటే సిల్ మీద, రాసుకుంటుంది. అన్నిటికన్నా దారుణమైనది ఊడదీసిన పెద్ద చక్రం మధ్యలోంచి పొడుచుకొచ్చే ఇరుసు. వేలెడంత స్టీలు కడ్డీ అది. ముందు డోర్‌కీ వెనక డోర్‌కీ మధ్య ఉండే నిలువు స్తంభానికి అది ఒక్కసారి తగిలిందంటే గీత కాదు, గాటు పడుతుంది. వర్షంలో, చేతులు తడిసి, వెనక ఇంకో కారు మన పార్కింగ్ బే కోసం లైట్లేసుకుని ఎదురుచూస్తుంటే ఎంత జాగ్రత్తపరుడికైనా ఇది తగలక మానదు.

దీనికి నేను వాడినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది అన్నిటికన్నా చవకది. నీళ్ళ పైపులకి చలికి తొడిగే నల్ల ఫోమ్ గొట్టం, హార్డ్‌వేర్ షాపులో రెండు మూడు పౌండ్లకి దొరుకుతుంది. అది ఫ్రేమ్ ముందు కమ్మీలకి తొడిగి టేపు చుట్టాను. కారంతా కప్పుకుంటూ కూర్చునే బదులు తగిలే వస్తువుకే మెత్తటి తొడుగు వేస్తే సరిపోతుంది. మరీ పాతబడితే పీకేసి కొత్తది. ఊడదీసిన చక్రాలకి సంచులు అమ్ముతారు, అవి కొన్నాను కానీ చలికాలంలో మొద్దుబారిన వేళ్ళతో రోజూ వాటి జిప్పుతో కుస్తీ నా వల్ల కాదు. ఇరుసు కొనకి రబ్బరు టోపీ పెట్టడమే తేలిక, ఊతకర్రల కింద వేసే రబ్బరు బుడిపెల్లో చిన్న సైజు చూసుకుంటే సరిగ్గా పడుతుంది. చైర్ మళ్ళీ బిగించేటప్పుడు మాత్రం అది తీయడం మర్చిపోకూడదు.

సిల్ మీద పారదర్శకంగా ఉండే ఫిల్మ్ అంటించాను. డీలర్‌ని ముందే అడిగి అంటించాను, లీజు కారుకి ఏది అతికించినా అడగడం మంచిది. తీసేటప్పుడు హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే జిగురు మిగలకుండా వస్తుంది. బాగుంది, మళ్ళీ వేయిస్తాను. బూట్ (డిక్కీ) అంచుకి అమ్మే రబ్బరు పట్టీ మాత్రం మొదటి చలికే లేచిపోయింది, దాని కింద మట్టి చేరి అదే గీతలు పెట్టడం మొదలుపెట్టింది. దండగ.

పడిపోయిన గీతల సంగతికొస్తే, వేలి గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు ఆగకపోతే అది పైన ఉండే క్లియర్ కోట్‌లోనే ఉంది, సన్న పాలిష్, మైక్రోఫైబర్ గుడ్డతో నెమ్మదిగా రుద్దితే చాలావరకు పోతుంది. గోరు ఆగిందంటే పాలిష్ జోలికి వెళ్ళకండి, క్లియర్ కోట్ మందం సుమారు 40-50 మైక్రాన్లే, వెంట్రుక కన్నా పల్చన, గీత పోయేదాకా రుద్దుదామంటే పోయేది ఆ పొరే. టూత్‌పేస్టు రాయమని మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో చెప్తారు, ప్రేమతోనే చెప్తారు, కానీ అది పళ్ళ కోసం చేసింది. రుద్దిన చోట మసకబారిన మచ్చ వస్తుంది, నల్ల కారు మీద ఇంకా బాగా కనబడుతుంది. కొబ్బరి నూనె రాస్తే గీత మాయమైనట్టే ఉంటుంది, ఒక కడుగుడికి మళ్ళీ ప్రత్యక్షం. అన్నట్టు దసరాకి కారుకి పసుపు పెట్టేవాళ్ళు అద్దం మీద పెట్టండి, లేత రంగు ప్లాస్టిక్ మీద పసుపు పట్టేసిందంటే ఒక పట్టాన వదలదు.

టచప్ పెన్, అంటే కారు రంగు నింపిన చిన్న పెన్, బానెట్ మీద రాళ్ళు తగిలి లేచిన చుక్కలకి చాలా బాగా పనిచేస్తుంది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, లోహం కనబడిన చుక్క అలాగే వదిలేస్తే తుప్పు పడుతుంది, కాబట్టి చలి మొదలయ్యేలోపే వేసేయాలి. రంగు కోడ్ ఎక్కువ కార్లలో డోర్ స్తంభం మీదో బానెట్ కిందో ఉంటుంది. పొడవాటి గీతకి మాత్రం పెన్ వద్దు, ముఖ్యంగా మెటాలిక్ రంగుకి, ఎండలో దూరం నుంచే తెలిసిపోతుంది.

నాకు నిజంగా కోపం తెప్పించేవి మనం పెట్టని గీతలు. వికలాంగులకి కేటాయించిన బ్లూ బ్యాడ్జ్ పార్కింగ్ బే పక్కన చారలు గీసిన 1.2 మీటర్ల జాగా ఉంటుంది, డోర్ పూర్తిగా తెరిచి చైర్ బిగించుకోవడానికే అది. ఒక సూపర్ మార్కెట్‌లో ఎవరో అందులోనే కారు పెట్టి, వెళ్తూ వెళ్తూ నా వెనక బంపర్ గీరేసి పోయారు, చీటీ కూడా లేదు. ఇలాంటిది జరిగితే అక్కడే ఫోటోలు తీయండి, నేల మీద బే చారలు కూడా కనబడేలా తీయండి, అదే రోజు ఇన్సూరెన్స్‌కి చెప్పండి. చిన్నదే కదా అని లీజు చివరిదాకా దాచిపెట్టుకుంటే అప్పుడు ఎవరు చేశారో ఎప్పుడు జరిగిందో చెప్పలేరు. కారు చేతికొచ్చిన రోజు కూడా డీలర్ దగ్గరే నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి, నేను రెండుసార్లూ అదే చేశాను.

ఆ బంపర్ ఇన్సూరెన్స్ వాళ్ళు పంపిన షాపులోనే సరిచేశారు, రంగు చక్కగా కలిసింది. ఇంక ఈ కారు తిరిగి ఇవ్వడానికి కొన్ని నెలలే ఉంది. డ్రైవర్ డోర్ లోపలి ప్లాస్టిక్ మీద చైర్ రాసుకున్న తెల్ల చారలు ఉన్నాయి, వాటిని అలాగే ఇచ్చేస్తున్నాను. రోజూ వీల్‌చైర్ ఎక్కే కారులో అవి ఉండవలసినవే, డీలర్ దగ్గర మోటబిలిటీ చూసే అమ్మాయికి చూపిస్తే తనూ అదే అంది.