మూడేళ్ల స్పాంజి ఫిల్టర్: నాకు నచ్చింది దాని మడ్డి

హనుమకొండలో మా ఇంటి రెండడుగుల అక్వేరియంలో స్పాంజి ఫిల్టర్ పెట్టి మూడేళ్లు దాటింది. ఎయిర్ పంపు గాలి బుడగలతో నీళ్లను స్పాంజిలోంచి లాగి శుభ్రం చేసే ఫిల్టర్ ఇది. నాది ఒకే గొట్టానికి రెండు స్పాంజీలుండే రకం. దాని మీద నాకున్న ఇష్టమంతా ఆ స్పాంజీల్లో పేరుకునే గోధుమరంగు మడ్డి వల్లే.

మా తొట్టి సిద్ధం కావడానికి 38 రోజులు పట్టింది. చేపలు లేని నీళ్లలో రోజూ చిటికెడు మేత వేయాలి. అది కుళ్లి పుట్టే, చేపలకు విషమైన అమోనియాను బ్యాక్టీరియా మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేదాకా కాచుకోవాలి. ఖాళీ తొట్టి ముందు పిల్లలు అన్ని రోజులు ఎదురుచూడటం నాకు బాధనిపించింది.

అందుకే నిరుడు సంక్రాంతి సెలవుల్లో కరీంనగర్‌లో అక్క కొడుక్కి అక్వేరియం పెట్టడానికి వెళ్తూ, ఆ బ్యాక్టీరియా అప్పటికే మడ్డిలో స్థిరపడిన ఒక స్పాంజిని మా ఫిల్టర్‌లోంచి తీశాను. సగం దాకా మా తొట్టి నీళ్లే పోసిన స్టీలు డబ్బాలో దాన్ని వేసుకుని బస్సెక్కాను. ఈ బ్యాక్టీరియాకు తడి ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. హుజూరాబాద్‌లో బస్సు ఆగినప్పుడు మూత తీసి వాసన చూశాను. తొలకరి మట్టి వాసన, కుళ్లు జాడ లేదు. ప్రాణం కుదుటపడింది.

అక్కవాళ్లు ముందురోజే నీళ్లు పట్టి, క్లోరిన్ పోయేలా ఎయిర్ పంపు ఆడించి ఉంచారు. హీటర్ 26 డిగ్రీల మీద ఉంది. స్పాంజి తొడిగి, డబ్బాలో మిగిలిన మడ్డినీళ్లు కూడా పోయబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. "కొత్త తొట్టి తమ్మీ, అందులో ఆ మురికి ఎందుకు?" అయినా పోశాను. మర్నాటికి నీళ్లు తేటపడ్డాయి. మూడే మూడు గప్పీ చేపలను వదిలి, అల్లుడి చేత రోజూ పరీక్ష చేయించాను. అమోనియా ఉంటే ఆకుపచ్చగా మారాల్సిన ద్రవం 15 రోజులూ పసుపుగానే ఉంది. రోజూ సాయంత్రం వాడు పంపే ఆ పసుపు సీసా ఫొటో కోసం ఎదురుచూసేవాడిని.

అప్పట్లో దీనికి చాకిరీ ఉండదని అందరికీ చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. నెలకోసారి పిండకపోతే బుడగలు మందగిస్తాయి. పిండేదీ తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే. మొన్న వేసవిలో రెండు స్పాంజీలనూ నల్లా కింద తెల్లగా అయ్యేదాకా కడిగాను. మడ్డితో పాటు బ్యాక్టీరియా కూడా పోయింది. మూడో రోజుకు చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరిచాయి. నీళ్లు మారుస్తూ చాలావాటిని కాపాడుకున్నాను గానీ, నాలుగు మోలీలు దక్కలేదు.

సన్నని నలుసులను ఇది అంతగా పట్టదు. ఎయిర్ పంపు చప్పుడు మా హాల్లో ఫరవాలేదు, పడకగదిలో అయితే భరించేవాడిని కాదేమో. నావి చిన్న చేపలు, మేత తక్కువ. గోల్డ్‌ఫిష్ పెంచేవారికి ఇదొక్కటే చాలని చెప్పలేను. స్పాంజీలు మళ్లీ గోధుమరంగుకు తిరిగాయి. పక్కింటివారు తొట్టి కొన్నారు, ఒకటి వాళ్లకిస్తానని మాటిచ్చాను.