వినాతో నా పంచాయితీ అంతా పెట్టె కొలత దగ్గరే

ప్రోటీన్‌లో మందు అణువు ఎక్కడ, ఎట్లా కూర్చుంటుందో కంప్యూటర్‌లో అంచనా వేయడమే డాకింగ్. ఆ పని చేసే ప్రోగ్రాం ఆటోడాక్ వినా. దాని వివరాలు, ఎట్లా ఇన్‌స్టాల్ చేయాలో ఇక్కడ మళ్లీ చెప్పను. వరంగల్, హన్మకొండల్లో డాకింగ్‌తో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేసిన ఎవరిని అడిగినా చెప్తారు. ఏళ్ల తరబడి వాడిన మీదట నాకు దానితో మిగిలిన పంచాయితీ ఒక్కటే: లైగాండ్‌ను (డాక్ చేసే చిన్న అణువును) ఎక్కడ వెతకాలో చెప్పే పెట్టె, అదే గ్రిడ్ బాక్స్.

మొదట్లో నేను తెగ మెచ్చుకున్నదీ ఆ పెట్టెనే. పాత ప్రోగ్రాం ఆటోడాక్ 4లో అయితే ముందు ఆటోగ్రిడ్ అనేదాన్ని నడిపి, ఒక్కో పరమాణువు రకానికి ఒక్కో మ్యాప్ ఫైలు తయారు చేసుకోవాలి. వినాకు ఆరు అంకెలిస్తే చాలు. మధ్యబిందువుకు మూడు, కొలతలకు మూడు. మ్యాపుల లెక్క తనే లోపల చూసుకుంటుంది. దాని సొంత స్కోరింగ్ పద్ధతి పాక్షిక ఛార్జీలను అసలు వాడదు కాబట్టి వాటిని లెక్కకట్టేది గాస్టైగర్ పద్ధతిలోనా, కోల్‌మన్ పద్ధతిలోనా అన్న వాదన కూడా అక్కర్లేదు. ఆ ఆరు అంకెల సుఖం నిజమే. కాకపోతే అందులో చివరి మూడింటికి యూనిట్ ఏమిటన్నది వినా అడగదు.

ఈజీఎఫ్‌ఆర్ కైనేజ్ (క్యాన్సర్ మందులు గురిపెట్టే ప్రోటీన్) మీద క్వినజోలిన్ వలయాలున్న అణువుల వరసను డాక్ చేయడమే తీసుకోండి. ప్రోటీన్ డేటా బ్యాంకులో దాని స్ఫటిక నిర్మాణం 1ఎం17, లోపల ఎర్లోటినిబ్ అనే మందు కూర్చుని ఉంటుంది. ఆటోడాక్ టూల్స్ అనే తోడు ప్రోగ్రాంలో గ్రిడ్ బాక్స్ తెరిచి, చక్రాలు తిప్పి, మందు చుట్టూ పెట్టె సరిపోయేలా సర్దుతారు. తెర మీద మూడు వైపులా 60 అని కనిపిస్తుంది. అదే 60ని తెచ్చి వినా కాన్ఫిగ్ ఫైల్లో సైజ్ దగ్గర రాస్తారు. కొంప మునిగేది అక్కడే. టూల్స్ చూపించే 60 బిందువుల లెక్క, బిందువుకూ బిందువుకూ మధ్య దూరం 0.375 ఆంగ్‌స్ట్రామ్ (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). అంటే మీరు తెర మీద చూసిన పెట్టె వైపుకు 22.5 ఆంగ్‌స్ట్రామ్‌లే. వినా మాత్రం 60ని నేరుగా ఆంగ్‌స్ట్రామ్‌లుగా తీసుకుంటుంది. 11,400 ఘన ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉండాల్సిన పెట్టె 2,16,000కు పోతుంది, 19 రెట్లు. హన్మకొండ చౌరస్తాలో పడేసుకున్న తాళంచెవి కోసం కాజీపేట స్టేషన్ దాకా వెతికినట్టు.

ఇంత జరిగినా పని ఆగదు, అదీ నా కోపం. 27,000 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు దాటిందని ఒక హెచ్చరిక వస్తుంది గానీ, వంద లైగాండ్లను స్క్రిప్టులో పెట్టి నడిపేటప్పుడు దాన్ని చదివే నాథుడు ఉండడు. వెతుకులాటకు పట్టే టైము చూసి అనుమానపడదామన్నా కుదరదు. ఒక్కో పరుగులో ఎన్ని అడుగులు వేయాలో లైగాండ్ ఎంత పెద్దది, ఎన్ని బంధాల దగ్గర తిరుగుతుంది అన్నదాన్ని బట్టి వినా తేల్చుకుంటుంది, పెట్టెను చూసి కాదు. అదే కష్టం 19 రెట్ల జాగాలో పలచబడిపోతుంది. ఎగ్జాస్టివ్‌నెస్‌ను, అంటే ఎన్ని పరుగులు వెతకాలన్న అంకెను, డిఫాల్ట్ 8 దగ్గరే వదిలేస్తే ఇంకా అధ్వానం. ప్రోటీన్ పైభాగంలో ఏదో ఒక గాడిలో లైగాండ్ ఇరుక్కుని, స్కోరు మాత్రం మర్యాదగానే కనిపిస్తుంది.

ఈ తప్పును పట్టుకునే దారి సీడ్, అంటే యాదృచ్ఛిక వెతుకులాటను మొదలుపెట్టే అంకె. ఒకే లైగాండ్‌ను మూడు వేర్వేరు సీడ్లతో నడపండి. మొదటి భంగిమ (లైగాండ్ కూర్చున్న తీరు) మూడుసార్లూ ఒకే చోట రాకపోతే పెట్టె కొలతను అనుమానించండి. విరుగుడు సులువే: ఆటోడాక్ టూల్స్‌లో స్పేసింగ్‌ను 1.000 చేసి అప్పుడు పెట్టె సర్దండి, కనిపించే అంకె, వినాకు ఇచ్చే అంకె ఒకటే అవుతాయి. అలాగని మరీ బిగించొద్దు. టూల్స్ మొదట చూపే 40 బిందువులంటే 15 ఆంగ్‌స్ట్రామ్‌లే, ఎర్లోటినిబ్ రెండు ఈథర్ తోకలకు అది ఇరుకు.

తర్వాత ఎర్లోటినిబ్‌నే బయటికి తీసి మళ్లీ డాక్ చేసి చూడాలి. స్ఫటికంలోని రూపాన్ని అలాగే ఇవ్వకుండా, స్మైల్స్ (అణువును అక్షరాల్లో రాసే పద్ధతి) నుంచి కొత్తగా కట్టినదాన్ని ఇవ్వండి, లేకపోతే బంధాల పొడవులూ కోణాలూ ముందే సరిగ్గా ఉండి పరీక్ష తేలికైపోతుంది. క్వినజోలిన్‌లో ఒకటో స్థానపు నైట్రోజన్ (ఎన్1), ప్రోటీన్‌లోని మెథియోనిన్ 769 వెన్నెముక నైట్రోజన్‌కు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు రావాలి. పేపర్లలో 793 అని ఉండేది ఇదే. ప్రోటీన్ మొదట్లో ఉండి తర్వాత తెగిపోయే సిగ్నల్ పెప్టైడ్ 24 అమైనో ఆమ్లాలను 1ఎం17లో లెక్కలోకి తీసుకోలేదు. ఎన్3 వైపు థ్రియోనిన్ 766కు బంధం ఒక నీటి అణువు మీదుగా ఉంటుంది. అలవాటు కొద్దీ నీళ్లన్నీ తుడిచేస్తే ఆ బంధం కోసం వెతకడం దండగ. తోకలు నీళ్ల వైపు ఊగుతుంటాయి కాబట్టి స్ఫటికంలోని భంగిమతో మొత్తం తేడా (ఆర్‌ఎంఎస్‌డీ) 2 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటినా కంగారు పడకుండా వలయాల వరకు విడిగా కొలవండి. కొలవడానికి ఓపెన్ బాబెల్ ప్రోగ్రాంలోని ఓబీఆర్‌ఎంఎస్ టూల్ చాలు. వినా పట్టికలో కనిపించే ఆర్‌ఎంఎస్‌డీ స్ఫటికంతో పోలిక కాదు, తన మొదటి భంగిమతో పోలిక. అందుకే మొదటి వరసలో ఎప్పుడూ సున్నాలే. ఆ సున్నాను థీసిస్‌లో విజయంగా రాసేవాళ్లున్నారు.

స్కోరును, అంటే బంధన శక్తి అంచనాను నమ్మొచ్చా అంటే, వినా పేపర్లోనే ఇచ్చిన ప్రామాణిక దోషం మోల్‌కు 2.85 కిలోకేలరీలు. గది ఉష్ణోగ్రతలో 1.36 కిలోకేలరీల తేడా అంటే బంధన బలంలో పది రెట్లు. మరి మైనస్ 9.1, మైనస్ 9.4ల మధ్య ఏది మేలో తేల్చడం ఎంతవరకు సబబో మీరే చూసుకోండి.

నాలుగు కోర్ల డెస్క్‌టాప్, లైసెన్సుకు డబ్బుల్లేని ల్యాబు, లైగాండ్ కూర్చునే జాగా తెలిసిన ఒకే ప్రోటీన్ ఉన్నవాళ్లకు నేను ఇప్పటికీ వినానే చెప్తాను. 2021లో వచ్చిన 1.2 వెర్షన్ పెట్టుకుంటే మేలు, ఒకేసారి బోలెడు లైగాండ్లు ఇవ్వొచ్చు. సిస్టీన్ 797ను (ఇది పేపర్ల లెక్క) కోవలెంట్‌గా, అంటే రసాయన బంధంతో పట్టుకునే అఫాటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటివి మీ పని అయితే మామూలు డాకింగ్ బంధం పడకముందు భంగిమనే చూపిస్తుంది, అక్కడ నా సిఫార్సు లేదు. ఎండాకాలం కరెంటు మీద నమ్మకం లేకపోతే ఒక్కో లైగాండ్‌ను విడిగా నడిపి, అవుట్‌పుట్ ఫైలు ఉన్నదాన్ని స్క్రిప్టు దాటేసేలా రాసుకోండి. మధ్యలో ఆగిన చోట నుంచి అందుకోవడం వినాకు రాదు.