46/16 మేలా, 46/18 మేలా? గేర్లు లేని సైకిలుకి ఎన్ని పళ్లు?

గేర్లు లేని సైకిలు కొనేటప్పుడు అందరూ రంగు చూస్తారు, హ్యాండిల్ చూస్తారు. పళ్లు లెక్కపెట్టేవాళ్లు తక్కువ. నేనూ లెక్కపెట్టలేదు. నా సైకిలు ముందు చైన్‌వీలుకి 46, వెనక ఫ్రీవీలుకి 16 పళ్లతో వచ్చింది. మొదటి ఆదివారమే విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు తొక్కుకుంటూ పోయాను. చక్రాల కింద రోడ్డు పరుగెత్తుతుంటే ఈ ఊళ్లో నన్ను మించిన తొక్కుడుగాడు లేడనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు అర్థమైంది సంగతి. మే నెల గాలి నైరుతి నుంచి వీస్తుంది, మన తీరం రోడ్డు కూడా దాదాపు నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది. పోయేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోసిన గాలే వచ్చేటప్పుడు గుండె మీద చెయ్యేసి ఆపింది. చివర్లో పాండురంగాపురం డౌన్. పేరులో డౌన్ ఉంది గానీ ఇంటికెళ్లే నాకు అది అప్పే. సగంలో దిగి నడిపించాను.

మర్నాడు మోకాలి చిప్ప కింద సన్నగా నొప్పి. సందు చివర సైకిళ్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే వెనక చక్రం వైపు వంగి చూసి, "ఏటి బాబూ, ఇంత సిన్న ప్రీవీలేటి? దీంతో గట్టెక్కుతావా?" అన్నాడు. 18 పళ్లది తెచ్చి పెట్టమన్నాను.

మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి అపార్ట్‌మెంటు సెల్లారులో కొలిచి చూశాను. పెడలు కిందికి ఉన్నప్పుడు చక్రం నేలకి తగిలే చోట సుద్దతో గీత గీసి, పెడలు సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా సైకిలు తోసి, మళ్లీ గీత. 16తో రెండు గీతల మధ్య 6 మీటర్ల 14 సెంటీమీటర్లు, 18తో 5 మీటర్ల 46. నాది 28 మిల్లీమీటర్ల టైరు. లావు టైరైతే రెండు దూరాలూ కాస్త పెరుగుతాయి.

నిమిషానికి 80 సార్లు తొక్కితే 16తో గంటకి 29 కిలోమీటర్లు దాటుతుంది, 18తో 26 వస్తుంది. చూడ్డానికి పెద్ద నష్టమే. కానీ 18తోనే 80 బదులు 90 సార్లు తొక్కితే ఆ 29 మళ్లీ చేతికొస్తుంది. కాళ్లు కొంచెం గబగబా తిప్పడం పదిహేను రోజుల్లో అలవాటైపోతుంది. గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఇలాంటి సర్దుబాటు కుదరదు. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుందాం. 5 శాతం ఎత్తులో, అంటే వంద మీటర్లకి ఐదు మీటర్లు లేచే రోడ్డు మీద, 16తో పెడలు మీద సగటున 27 కిలోల బరువు వెయ్యాలి, 18తో 24 చాలు. ఇది చుట్టంతటికీ సగటు. పెడలు అడ్డంగా ఉన్న క్షణంలో కాలు తొక్కేది దీనికి దాదాపు రెట్టింపు. గంటకి 10 కిలోమీటర్లతో ఎక్కుతుంటే 16తో నిమిషానికి 27 చుట్లే తిరుగుతాయి. అంత నెమ్మదిగా తిరిగేటప్పుడు ముందు ఆటో ఆగిందా, అక్కడికక్కడే మీ ఊపూ ఆగిపోతుంది. ఎత్తు మీద సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మోకాలికి అసలు దెబ్బ అక్కడే. సిగ్నళ్ల దగ్గరా అంతే, పచ్చ లైటు పడగానే వెనక హారన్లు మోగుతుంటే 16 పళ్ల సైకిలు కదలడానికి బద్ధకిస్తుంది.

పాలక్యాన్లు మోసిన నల్ల సైకిళ్లు గుర్తున్నాయా? మా తాతయ్యది ఇంకా ఊళ్లో ఉంది. ముందు 44, వెనక 18, చక్రం 28 అంగుళాలది. చక్రం పెద్దది కాబట్టి ఒక చుట్టుకి దాదాపు ఐదున్నర మీటర్లే పోతుంది. నేను మోకాలు నొప్పి తెచ్చుకుని, సుద్దముక్క పట్టుకుని కనిపెట్టిన గేరు మీదే ఆయన గడ్డి మోపులు తెచ్చేవాడు.

నా సైకిలుకి 44/18 వేస్తే ఇంకా తేలిక, చుట్టుకి 5.2 మీటర్లు. వెనక క్యారియరు మీద రోజూ బరువు మోసేవాళ్లకి, సింహాచలం గట్టు ఎక్కాలనుకునే మొండివాళ్లకి అదే మంచిది. 48/16 ఫొటోలకి బాగుంటుంది.

ఫిక్స్‌డ్, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరిగే సైకిలు, తొక్కేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. కాళ్లు బిగబట్టి చక్రాన్ని లాక్ చేసి జారుతూ ఆగేటప్పుడు టైరు ఎన్ని చోట్ల అరుగుతుందో పళ్ల భిన్నమే చెబుతుంది. 46/16ని కుదిస్తే 23/8, అంటే ఎనిమిది చోట్ల. 46/18 అయితే తొమ్మిది. 48/16 కుదిస్తే 3/1, ప్రతిసారీ ఒకే చోట, టైరు రెండు నెలలు నిలిస్తే గొప్ప. 46/17కి ఏకంగా పదిహేడు చోట్లు. చుట్టుకి 5.8 మీటర్లతో అది మధ్యస్థంగానూ ఉంటుంది, ఫిక్స్‌డ్ అయితే నేను దాన్నే వేస్తాను. 18తో డౌన్‌లో 40 వేగం అందుకుంటే కాళ్లు నిమిషానికి 120 దాటి తిరగాలి, ఫిక్స్‌డ్‌లో వాటిని ఆపడం మన చేతిలో ఉండదు. ఏ పళ్లు వేసినా ముందు బ్రేకు మాత్రం తీసెయ్యకండి.

16, 18 రెండూ కావాలంటే రెండు వైపులా పళ్లు పట్టే హబ్ (చక్రం నడిమి భాగం) ఉంది, చక్రం తిరగేసి వాడుకోవడమే. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెంలో 1937 దాకా డిరైలర్‌ని, అంటే చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి మార్చే గేరుని, ఒప్పుకోలేదు. కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, తిరగేసి బిగించి ఎక్కేవాళ్లు. పాండురంగాపురం డౌన్ దగ్గర రోజూ ఆ పని చేసే ఓపిక నాకు లేదు.

అంచేత విశాఖలో, హైదరాబాద్ బంజారాహిల్స్ వైపు ఉండేవాళ్లకి నా ఓటు 46/18కే. విజయవాడ కాలవగట్ల మీద, కాకినాడలో, కోనసీమలో తొక్కేవాళ్లు 46/16 నిశ్చింతగా ఉంచుకోవచ్చు. అక్కడ ఎత్తంటే వంతెనలే.

మార్చదలిస్తే వెనకదే మార్చండి, చైన్‌వీలు కంటే చవక. 16 తీసి 18 వేస్తే ఇరుసు 6 మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది. ఇరుసు బిగించే గాడిలో అంత చోటుంటే పాత చైనే సరిపోతుంది, బ్రేకు రబ్బర్లు మాత్రం మళ్లీ సరిచూసుకోవాలి. తొక్కే కొద్దీ ఫ్రీవీలు హబ్ మీద ఇంకా బిగుసుకుంటుంది కనక ఎక్కించే ముందు మరలకి గ్రీజు రాయమనండి. నాది రాయకుండా ఎక్కించినట్టున్నారు, ఆ 16 ఊడదీయడానికి ఇద్దరు మనుషులు, ఒక గజం పైపు కావాల్సివచ్చాయి.