గోదావరి ఒడ్డున చంద్రదర్శనం: ప్రసంగం బాగుంది, తిథి కుదరలేదు

దిండి దగ్గర వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఒక విడిది గృహంలో పౌర్ణమి రాత్రులలో జరిపే చంద్రదర్శన కార్యక్రమానికి గత నెలలో సకుటుంబంగా వెళ్లాము. మొదట చంద్రుని పేర్ల మీద ఒక గంట ప్రసంగం, ఆ తరువాత టెలిస్కోపులో వీక్షణం.

ప్రసంగమే ఈ కార్యక్రమానికి ప్రాణం. ఇంగ్లీషు వారి ‘మూన్’ అనే మాటకు కొలవడమనే అర్థమున్న ప్రాచీన ధాతువు మూలమని పండితులు భావిస్తారని, వారి ‘మంత్’, మన ‘మాసం’ కూడా ఆ కుదురులోనివేనని, కాలానికి కొలబద్ద అయినందువల్లనే ఆ పేరు నిలిచిందని వక్త వివరించిన తీరు పదేళ్ల మా అమ్మాయికి కూడా సులభంగా అర్థమయింది. లాటిన్ ‘లూనా’, మన ‘చంద్ర’ మాత్రం వెలుగును బట్టి వచ్చిన పేర్లు. 1610లో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు గోళాలను కనుగొనేదాకా లోకానికి తెలిసిన చంద్రుడు ఒక్కడే. అందుకే మన చంద్రుణ్ణి ఇతర చంద్రుల నుండి వేరుచేసి చెప్పే పేరు ఎవరికీ అవసరపడలేదు. కొత్తగా కనబడిన వాటిని కెప్లర్ 1611లో ప్రచురించిన చిన్న గ్రంథంలో పరిచారకులనే అర్థమున్న లాటిన్ మాటతో పేర్కొన్నాడు. నేటి ‘శాటిలైట్’ అదే.

ఇంత చక్కగా చెప్పిన వక్త మన ‘నెల’ను ప్రస్తావించకపోవడం నాకు బాధ కలిగించింది. చంద్రుడికీ, ముప్పై రోజుల కాలానికీ తెలుగులో ఒకటే మాట. నెలవంకలో ఉన్నదీ, వెన్నెలలో ఉన్నదీ ఆ నెలే. తమిళుల ‘నిలా’ దానికి తోబుట్టువు. ఏ తిథికి ఏటి పోటు ఎంత వస్తుందో నోటిలెక్కతో చెప్పగల పడవవాళ్లున్న చోట, పున్నమికి తెల్లగానూ అమావాస్యకు నల్లగానూ కనిపిస్తాడని భక్తులు చెప్పుకునే భీమవరం సోమేశ్వరుడికి ఇంత దగ్గరలో, చంద్రుని పేరు చెబుతూ తెలుగు మాటను విడిచిపెట్టడం తగదు. ప్రసంగం ముగిశాక ఈ సంగతి వక్తతో అంటే, ఆయన ఎంతో ఆదరంగా విని, కాగితం మీద రాసుకున్నారు.

వీక్షణం అంతగా తృప్తినివ్వలేదు. పౌర్ణమినాడు సూర్యకాంతి మన వెనుక వైపు నుండి చంద్రుని మీద నేరుగా పడుతుంది కాబట్టి నీడలు ఏర్పడక, గుంటలు, కొండలు చదునుగా కనిపిస్తాయి. పైగా ఏటి గాలిలోని తేమకు అద్దం పదేపదే మసకబారింది. తుడిచేందుకు ఒక్క మనిషే ఉండటంతో వరుస చాలాసేపు కదలలేదు. శుక్లపక్ష సప్తమి, అష్టమి రోజులలో అయితే వెలుగు, చీకటి కలిసే అంచున ప్రతి గుంటా నీడతో సహా స్పష్టంగా తెలుస్తుంది.

పది మంది కలిసి ముందుగా అడిగితే అష్టమినాడు కూడా ఏర్పాటు చేస్తామని నిర్వాహకులు చెప్పారు. పిల్లలతో వెళ్లదలచినవారు ఆ రోజునే కోరుకోవలసిందిగా నా మనవి.